సాక్షికి మతి లేదట

కిందటివారం మనం దేవమణిని కంప్యూటర్ ముందు నిలబెట్టి వచ్చేశాం. ఇవాళే ఈ కథ చేతికి తీసుకున్నవారి కోసం ముందు నాలుగు మాటలు.

దేవమణిది చీరాల. ఆరేళ్ళుగా ఐర్లండులోని అత్లోన్‌లో, షానన్ నది ఒడ్డున ఒక నర్సింగ్ హోమ్‌లో స్టాఫ్ నర్సు. భర్త టైటస్ అదే ఊళ్ళో మందుల కంపెనీలో షిఫ్టుల మీద పనిచేస్తాడు. కూతురు అబిగేయిల్ హైస్కూల్లో ఉంది. దేవమణి చూసుకునేవాళ్ళలో పద్నాలుగో గదిలోని కల్నల్ మార్టిన్ ఫ్యాలన్ ఒకరు. ఆయన పుట్టింది ఈ ఊళ్ళోనే అయినా పంతొమ్మిదో ఏట అట్లాంటిక్ దాటి వెళ్ళి, అక్కడి సైన్యంలో చేరి, లాయరయ్యాడు. టెర్రరిస్టులన్న ఆరోపణ మీద పట్టుకొచ్చినవాళ్ళను విచారించే సైనిక కోర్టులో చీఫ్ ప్రాసిక్యూటర్ దాకా ఎదిగాడు. హారూన్ అనే ఖైదీ కేసులో, చిత్రహింస పెట్టి రాబట్టిన ఒప్పుకోలు ఆధారంగా ఎన్నికల లోపు శిక్ష పడి తీరాలనీ, విడుదల అన్న మాటే వినపడకూడదనీ పైనుంచి ఒత్తిడి వస్తే రాజీనామా చేసి బయటికొచ్చాడు. ఆయన తరవాత మరో ఇద్దరు ప్రాసిక్యూటర్లు తప్పుకున్నారు. పోయిన నెలలో ఏకంగా జడ్జే తప్పుకున్నాడు. హారూన్ మాత్రం పద్దెనిమిదేళ్ళుగా శిక్షా పడక, విడుదలా కాక, ఒక ద్వీపంలోని సైనిక జైల్లో మగ్గుతున్నాడు. కొత్తగా వచ్చిన జడ్జి ఒక్కటే వాయిదా ఇచ్చాడు. గురువారం మధ్యాహ్నం రెండు గంటలకు, వీడియోలో కల్నల్ సాక్ష్యం. జబ్బుపడ్డ కల్నల్ గుండె మరో వాయిదా దాకా ఓపేలా లేదు.

సాక్షికి మతి స్థిమితంగా ఉందని డాక్టరు కాగితం, నర్సులు రాసిన నోట్సు కోర్టుకు చేరాలి. మూడు వారాల కింద యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చి కల్నల్ ఒక రోజంతా ఏమిటేమిటో మాట్లాడాడు. ఆ సంగతి నోట్సులో రాసింది దేవమణే. మందులు పడ్డాక తేరుకున్నాడు. అదీ ఆమే రాసింది. బుధవారం పొద్దున డ్యూటీ ఎక్కి చూసేసరికి, తేరుకున్నాడని రాసిన తొమ్మిది నోట్ల మీదా అడ్డగీత ఉంది. పక్కన 'పొరపాటున నమోదు' అన్న మాట ఉంది. ఆయన తికమకపడిన రోజు నోటు మాత్రం చెక్కుచెదరలేదు.

* * *

కళ్ళు నులుముకుని దేవమణి మళ్ళీ చదివింది. గీత గీతలాగే ఉంది. ఎవరు గీశారన్న చోట మనిషి పేరు లేదు, మేనేజ్‌మెంట్ లాగిన్ అని మాత్రం ఉంది.

ఆమె నేరుగా డైరెక్టర్ ఆఫ్ నర్సింగ్ ఊనా బ్రెనన్ గదికి వెళ్ళింది. ఊనా చెడ్డ మనిషి కాదు. కోవిడ్ రోజుల్లో మూడు వారాలు ఇంటికి పోకుండా ఈ హోమ్‌లోనే పడుకుని పేషెంట్లను చూసుకున్న మనిషి. అలాంటిది, ఇప్పుడు తల ఎత్తి దేవమణి మొహం చూడలేకపోయింది.

"డాక్టర్ మహీధర్ పదకొండింటికి వస్తున్నాడు. ఆయనతో మాట్లాడు" అంది కాగితాలు సర్దుకుంటూ.

"నా నోట్సు గురించి నేను మిమ్మల్ని అడుగుతున్నాను."

"ఆయనతో మాట్లాడు, దేవా."

పదకొండున్నరకు మహీధర్ వచ్చాడు. హనుమకొండ నుంచి వచ్చి ఇరవై నాలుగేళ్ళుగా ఈ ఊళ్ళో జీపీగా, అంటే ఫ్యామిలీ డాక్టరుగా స్థిరపడ్డ మనిషి. అత్లోన్ తెలుగువాళ్ళందరికీ పెద్ద దిక్కు. దేవమణి కుటుంబం ఈ దేశం వచ్చిన కొత్తలో అద్దె ఇల్లు దొరక్క నాలుగు నెలలు ఒక్క గదిలో ముగ్గురూ సర్దుకున్నారు. అడిగిన ప్రతి ఇంటివాడూ 'మీకోసం చెప్పేవాళ్ళెవరు' అని అడిగేవాడు. అప్పుడు తన పేరు రాసిచ్చి, తను పూచీ ఉండి లీజు ఇప్పించింది ఈయనే. ఆ తరవాత ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. ఈ రోజూ ఎత్తలేదు.

డాక్టర్లు కూర్చునే చిన్న గదిలోకి పిలిచి, ఆయనే తలుపు వేశాడు.

"కూసో చెల్లే."

"ఫర్వాలేదు సార్. నా నోట్సు ఎవరు కొట్టేశారు?"

"గా సంగతి నన్నడగకు. అది వీళ్ళ పని."

"మీ పనేంటి సార్ మరి?"

ఆయన సంచిలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. 'జ్ఞాపకశక్తి నిలకడగా లేదు. సాక్ష్యం చెప్పగల మానసిక స్థితిలో లేడు.' కింద మహీధర్ సంతకం. దాని కింద ఇంకో గీత, ఖాళీగా. రోజూ చూసే నర్సు కూడా ధృవీకరిస్తున్నట్టు సంతకం పెట్టాల్సిన చోటు అది.

దేవమణి కాగితాన్ని ముట్టుకోలేదు. "ఈ నెలలో మీరసలు ఆయన్ని చూశారా?"

"సోమవారం చూసిన."

"చూస్తే?"

మహీధర్ కిటికీలోంచి బయటికి చూశాడు. కార్ పార్క్ మీద సన్నని జల్లు పడుతోంది. "ఇరవై నుంచి ఎనకకు లెక్కపెట్టుమన్న. నాకంటె జల్ది లెక్కపెట్టిండు. వారం అడిగితే వారం చెప్పిండు, తారీఖు చెప్పిండు. ఇంక నన్నే అడిగిండు, డాక్టర్, నీ చెయ్యెందుకు వణుకుతుంది అని."

"మరి ఈ కాగితమేంటి సార్?"

అన్నాళ్ళూ ఎవరికీ చెప్పుకోలేనిదేదో కట్ట తెగినట్టు వచ్చింది.

"పోయిన శుక్రవారం నా క్లినిక్‌కు ఒకాయన వచ్చిండు. అపాయింట్‌మెంట్ తీస్కొనే వచ్చిండు, పేషెంట్ లెక్క. కల్నల్ సాబ్ కొలువు చేసిన దేశం యాస, మంచి సూటు, మంచి మాట. బీపీ చూడుమన్నడు. చూసిన. నార్మల్. చొక్కా చెయ్యి సర్దుకుంట అన్నడు, మీ కొడుకు నిఖిల్ మా దేశంల గుండె డాక్టర్ అయితుండట గదా, మంచి పిల్లగాడు, జూన్‌ల వీసా రెన్యువల్ ఉంది గదా అని." ఆయన ఆ కాగితాన్ని బల్ల మీద అటూ ఇటూ జరిపాడు. "నేను చెప్పలే చెల్లే. ఒక్క ముక్క చెప్పలే. వాని వీసా తారీఖు ఇంట్ల నా భార్య జయశ్రీకి గూడ తెల్వదు."

"బెదిరించాడా?"

"బెదిరిస్తే పోలీసులకు ఫోన్ చేసేటోన్ని. ఏమనలే. కల్నల్ సాబ్ పెద్దాయన, ఇప్పుడు ఆయనకు రెస్ట్ కావాలె, మీరు చూస్కుంటరని నమ్మకముంది అన్నడు. నాతోని చెయ్యి కలిపి, థాంక్యూ చెప్పి పోయిండు. అంతే. గా రోజు నుంచి నేను నిద్రపోలే."

కాసేపటి కింద ఈ మనిషి మీద ఉన్న కోపం ఎటుపోయిందో దేవమణికి తెలియదు. కోపం పోయినచోట భయం వచ్చి కూర్చుంది. నిఖిల్‌ను ఆమె ఎరుగును. చర్చి క్రిస్మస్ కార్యక్రమానికి వాళ్ళ నాన్న వెంట వచ్చి, హిందువునైనా పాడతానండీ అని నవ్వుతూ కోరస్‌లో నిలబడ్డ కుర్రాడు.

"ఒక్క సంతకం చెల్లే" అన్నాడు మహీధర్. "నీది ఉంటే కాయిదం గట్టిగుంటది. లేకుంటే గా డిఫెన్స్ లాయర్లు నన్నొక్కన్నే పీక్కతింటరు."

"సార్, అక్కడొక మనిషి పద్దెనిమిదేళ్ళ నుంచి..."

"గా మనిషి ఎవరో నీకు తెల్సా?" ఆయన ఒక్కసారి గొంతు పెంచాడు. "బాంబు పెట్టిండో లేదో నీకు తెల్సా? నాకు తెల్సా? పెట్టినోడే అయితే? గసొంటోని కోసం నా కొడుకును బలి పెట్టుమంటవా?"

"నాకు తెలవదు సార్. ఆయన మంచోడని నేను అనట్లేదు. అది తేల్చాల్సింది కోర్టు కదా. తేల్చకుండానే పద్దెనిమిదేళ్ళు ఉంచారు. తేల్చడానికి పనికొచ్చే ఒక్క మనిషికీ ఇప్పుడు మతి లేదని రాయమంటున్నారు." ఆమె ఆ ఖాళీ గీత వైపు వేలు చూపించింది. "నేను నర్సుని. నాకు తెలిసింది ఒకటే. పద్నాలుగో గదిలో ఆయనకి మతి ఉంది."

మహీధర్ లేచి నిలబడ్డాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, ఊరందరి బిడ్డలకూ జ్వరాలు చూసిన మనిషి, దేవమణి ఎదుట రెండు చేతులూ జోడించాడు.

"సార్, వద్దు సార్! అట్టా చెయ్యబాకండి." ఆమె రెండడుగులు వెనక్కి వేసింది.

"సంతకం పెట్టకుంటే పెట్టకు. రేపు మాత్రం రాకు. సిక్ లీవ్ పెట్టు, రిజైన్ చెయ్యి, ఏమన్న చెయ్యి. నువ్వు లేకుంటే గా కొట్టేసిన నోట్సు సంగతి అడిగేటోళ్ళు ఉండరు. నీ మీదికి పాపం రాదు, నా మీదికి ఆపద రాదు. నీకు దండం పెడుత."

దేవమణి తలుపు తీసుకుని బయటికి వచ్చేసింది.

* * *

పద్నాలుగో గదిలో కల్నల్ దిళ్ళకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం, ఒళ్ళో పసుపు రంగు కాగితాల పుస్తకం. పెదాలు లేత నీలంగా ఉన్నాయి. దేవమణి మొహం చూడగానే పుస్తకం మూసేశాడు.

"నీ దగ్గరకూ వచ్చారన్నమాట" అన్నాడు.

ఆమె జరిగింది చెప్పింది. నిఖిల్ సంగతి చెప్పలేదు. అది చెప్పే హక్కు తనకు లేదనుకుంది. చివరికి అంది, "నేను అబద్ధం మీద సంతకం పెట్టను సర్. అలాగని వీళ్ళతో పోట్లాడే శక్తీ నాకు లేదు. నా వర్క్ పర్మిట్ ఈ హోమ్ పేరు మీదే ఉంది. రాజీనామా ఇచ్చి వెళ్ళిపోతాను. మీరు నన్ను క్షమించాలి."

కల్నల్ నవ్వబోయి దగ్గాడు. దగ్గు తగ్గేదాకా ఆమె వీపు నిమిరింది.

"రాజీనామా ఎంత హాయిగా ఉంటుందో నాకు తెలుసు నర్స్ దేవా" అన్నాడు ఊపిరి కూడదీసుకుంటూ. "నేను ఇచ్చిన రోజు నా భార్య ఏడ్చింది, గర్వంతో. పేపర్లవాళ్ళు నన్ను వీరుణ్ణి చేశారు. ఒక యూనివర్సిటీ వాళ్ళు పిలిచి శాలువా లాంటిదేదో కప్పారు. ఆ రోజు రాత్రి హారూన్ ఏ గదిలో పడుకున్నాడో తెలుసా? అంతకుముందు రోజు పడుకున్న గదిలోనే. నా తరవాత వాళ్ళిద్దరూ ఇచ్చారు. ఆ జడ్జీ ఇచ్చాడు. మేమందరం శుభ్రంగా చేతులు కడుక్కుని ఒకరి వెనక ఒకరం బయటికి నడిచాం. ఆ తలుపు మాకే తెరుచుకుంది, అతనికి కాదు."

ఆమె ఆయన వీపు వెనక దిండు సరిచేసింది.

"నిన్ను ఉండమని అడిగే ముఖం నాకు లేదు. నీకు బిడ్డ ఉంది. వెళ్ళాలనుకుంటే వెళ్ళు. కానీ రాజీనామా చేసి మంచిపని చేశాననుకుంటూ వెళ్ళకు. నేను అలా అనుకుని పదకొండేళ్ళు బతికాను."

ఆయన ఇంకా ఏదో చెప్పబోయి, చెప్పకుండా కళ్ళు మూసుకున్నాడు. అప్పుడే ఊనా గుమ్మంలోకి వచ్చి, దేవమణిని బయటికి పిలిచింది. ఆ కాగితం మీద సంతకం పెట్టే ఉద్దేశం లేకపోతే ఇంటికి వెళ్ళిపోవచ్చనీ, రేపటి రోస్టర్‌లోంచి పేరు తీసేశాననీ, శుక్రవారం డబ్లిన్ నుంచి కంపెనీవాళ్ళు వచ్చి 'పేషెంటుతో హద్దు మీరిన చనువు' గురించి మాట్లాడతారనీ చదివి అప్పజెప్పినట్టు చెప్పింది. చెప్పాక గొంతు తగ్గించి, "నాకూ పైవాళ్ళున్నారు దేవా" అంది.

* * *

మధ్యాహ్నం ఒంటిగంటకే ఇంటికొచ్చిన భార్యను చూసి టైటస్ కంగారుపడ్డాడు.

"ఏందే, ఒంట్లో బాలేదా?"

వంటగదిలో బల్ల దగ్గర కూర్చుని అంతా చెప్పింది. టైటస్ పక్కన నిలబడి విన్నాడు. మధ్యలో అల్మరా తలుపు తీసి గ్లాసు తీశాడు, నీళ్ళు పట్టడం మరిచిపోయి అలాగే పట్టుకున్నాడు.

"మనకెందుకే ఈ గొడవ?" అన్నాడు చివరికి. "వాళ్ళ దేశం, వాళ్ళ సైన్యం, వాళ్ళ జైలు. ఇక్కడికొచ్చింది బిడ్డ కోసం. పర్మిట్ పోతే ఎక్కడికి పోతాం? అబద్ధానికి సంతకం పెట్టమని నేను అనను. మానెయ్. కాగితం ముక్క మీద రాసిచ్చేసి వచ్చెయ్. ఇంకోచోట చూసుకుందాం."

"అదే అనుకున్నాను" అంది దేవమణి. టైటస్ తెచ్చిచ్చిన కాగితం అందుకుని రాయడం మొదలుపెట్టింది. 'నా వ్యక్తిగత కారణాల వల్ల' దాకా రాసి ఆగిపోయింది. ఏ వ్యక్తిగత కారణాలు? ఇలాంటి కాగితమే కదా కల్నల్ కూడా రాసి ఉంటాడు. ఆ ఇద్దరూ, ఆ జడ్జీ కూడా.

బుధవారం స్కూలు ఒంటిపూటే, అబిగేయిల్ వచ్చే వేళ. వచ్చింది. బ్యాగు కింద పడేసి తల్లినీ తండ్రినీ మార్చి మార్చి చూసింది. "వాట్స్ రాంగ్? మామ్, ఆర్ యు ఆల్‌రైట్?"

"ఏం లేదమ్మా. పోయి బట్టలు మార్చుకో."

ఆ పిల్ల నమ్మకుండానే మేడ మీదికి వెళ్ళింది. మెట్ల చప్పుడు ఆగేదాకా టైటస్ గ్లాసు వంకే చూస్తూ నిలబడ్డాడు. తరవాత, ఎవరో బలవంతాన మాట్లాడిస్తున్నట్టు అన్నాడు.

"గిడియన్ అన్నయ్య సంగతి నీకు సగమే చెప్పాను."

దేవమణి తల ఎత్తింది. గిడియన్ టైటస్ పెద్దన్న. ఆమె కాపురానికి వచ్చేనాటికే ఆయన మాట పలుకు లేకుండా మంచానికి అంటుకుని ఉండేవాడు. యాక్సిడెంటన్నారు.

"యాక్సిడెంట్ కాదు. ఎవరో ఎక్కడో ఏదో పేల్చారని, అనుమానం మీద తీసుకుపోయారు. పదకొండు రోజులు ఉంచుకుని, ఇతను కాదులే అని వదిలేశారు. ఆస్పత్రికి తీసకపోతే ఒంటి మీద చోటు లేదు. కాగితం మీద మాత్రం దెబ్బలేం లేవని రాశారు. రాసినాయన చెడ్డోడు కాదే. అమ్మ కాళ్ళ మీద పడితే ఆయనా ఏడ్చాడు. ఏడుస్తానే రాశాడు. నాకూ పిల్లలున్నారమ్మా అన్నాడు."

ఆయన గ్లాసు బల్ల మీద పెట్టాడు. దేవమణి చేతి కిందనుంచి ఆ కాగితం లాగి, నలిపి, పొయ్యి పక్కనున్న బిన్‌లో పడేశాడు.

"నాకు భయంగానే ఉంది. అయినా రేపు నిన్ను నేనే దింపుతాను."

"డ్యూటీలోంచి తీసేశారయ్యా. లోపలికి రానియ్యరు."

"డ్యూటీకి కాదు. చూడ్డానికి వచ్చిన చుట్టంలాగా పో. ముసలాయన రమ్మంటే ఎవరు వద్దంటారు?"

* * *

గురువారం ఒంటిగంటా ముప్పావుకు దేవమణి యూనిఫాం లేకుండా, ఆదివారం చర్చికి కట్టుకునే నేత చీర మీద కోటు వేసుకుని, ముందు గుమ్మం గుండా ఆ హోమ్‌లోకి అడుగుపెట్టింది. ఆరేళ్ళలో ఆ గుమ్మం వాడటం అదే మొదటిసారి. సందర్శకుల పుస్తకంలో పేరు, టైము, చూడవచ్చిన మనిషి పేరు రాసింది.

ఊనా పరుగులాంటి నడకతో వచ్చింది. "దేవా, నువ్వు ఇక్కడ ఉండకూడదు."

"ఆమె నా అతిథి."

కారిడార్ చివర కల్నల్ ఉన్నాడు, చక్రాల కుర్చీలో. ఒళ్ళో ఆక్సిజన్ సిలిండరు. కుర్చీని తనే తోసుకుని అంత దూరం వచ్చినందుకు మొహమంతా చెమట. "నా గదికి ఎవరు రావాలో చెప్పే హక్కు నాకింకా ఉందనుకుంటాను మిస్ బ్రెనన్. నాకు మతి లేదని ఇంకా ఏ కోర్టూ తీర్పు చెప్పలేదు."

ఊనా ఆయన్నీ, దేవమణినీ చూసింది. తరవాత ఆ పుస్తకం మూసి, తన చంకలో పెట్టుకుని, ఆఫీసులోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

రెండు గంటలకు పద్నాలుగో గదిలో మంచం ముందు బల్ల మీదున్న ల్యాప్‌టాప్ వెలిగింది. ఒక మూల సైనిక దుస్తుల్లో జడ్జి. ఒక మూల ప్రభుత్వ లాయరు. మరో మూల హారూన్ తరఫున సైన్యమే నియమించిన డిఫెన్స్ లాయరు, కెప్టెన్ హార్ట్ అనే యువతి. నాలుగో మూల ఖాళీ కుర్చీ, గోడ. కాసేపటికి ఆ కుర్చీలో ఒక మనిషిని తెచ్చి కూర్చోబెట్టారు. బక్కపలచని మనిషి, గడ్డమంతా నెరిసింది. అతను కెమెరా వైపు చూడలేదు. హారూన్ అంటే దేవమణి ఊహించుకున్న మొహం కాదది. ఏ మొహం ఊహించుకుందో ఆమెకే తెలియదు.

ప్రభుత్వ లాయరు లేచి మహీధర్ కాగితం చదివాడు. దేవమణి తికమక రోజు రాసిన నోటు చదివాడు. తన పేరు అంత దూరపు గొంతులో వినపడేసరికి ఆమె కల్నల్ కుర్చీ పిడి పట్టుకుంది.

"ఇంతకంటే రుజువు అక్కర్లేదు. సాక్షిని వినకూడదని మా మనవి."

"ఆ నోటు రాసిన నర్సు సాక్షి పక్కనే ఉంది" అంది కెప్టెన్ హార్ట్.

జడ్జి ప్రమాణం చేయించాడు. ఆమె చేత్తో పట్టుకున్న బైబిలు కల్నల్ తల్లిది.

"ఆ నోటు మీరు రాసిందేనా?" అని కెప్టెన్ హార్ట్ అడిగింది.

"అవునండీ. ఆ రోజు ఆయనకు ఇన్ఫెక్షన్. నేను రాసింది నిజమే. ఆ తరవాత తొమ్మిది డ్యూటీల్లో, ఆయన పూర్తిగా తేరుకున్నారని కూడా నేనే రాశాను. వాటిని కొట్టేశారు. కొట్టేసింది నేను కాదు. అవి పొరపాట్లు కావు."

"అంటే డాక్టరు అబద్ధం రాశాడంటారా?" ప్రభుత్వ లాయరు అందుకున్నాడు.

తలుపుకున్న అద్దంలోంచి దేవమణికి కారిడార్ కనిపిస్తోంది. అక్కడ గోడకు ఆనుకుని మహీధర్ నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. ఆయన కళ్ళు ఆమె పెదాల మీదే ఉన్నాయి. జూన్ అంది ఆమె మనసు. నిఖిల్ అంది.

"ఆయన సోమవారం పరీక్ష చేశారు" అంది మెల్లిగా. "ఆ పరీక్షలో కల్నల్ గారు ఏం జవాబులు చెప్పారో, ఆ డాక్టర్నే ప్రమాణం చేయించి అడగండి. నేను చూసింది నేను చెప్పాను. ఈ రోజు ఈ మనిషికి మతి స్థిమితంగా ఉంది. నా నర్సు రిజిస్ట్రేషన్ మీద ఒట్టేసి చెబుతున్నాను."

మళ్ళీ అద్దం వైపు చూసేసరికి మహీధర్ లేడు.

జడ్జి కల్నల్ వైపు తిరిగాడు. తారీఖు అడిగాడు. కేసు నంబరు అడిగాడు. రెండూ కల్నల్ తడుముకోకుండా చెప్పాడు. చివరికి, తనకంటే ముందు ఆ కుర్చీలో కూర్చున్న జడ్జి పేరు అడిగాడు.

"పేరొక్కటే చెప్పమంటారా సర్, ఎందుకు తప్పుకున్నారో కూడా చెప్పమంటారా?"

జడ్జి పెదాలు కొంచెం కదిలాయి. "చాలు. సర్టిఫికెట్ సంగతి తరవాత తేలుస్తాను. సాక్ష్యం వింటాను."

దేవమణి ఊపిరి వదిలింది. మంచం అంచున కూర్చుంది. కల్నల్ చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి మంచులా ఉంది. మనం చేయాల్సింది చేశాం అనుకుంది, దేవుడికి మనసులోనే స్తోత్రం చెప్పుకుంది.

"కల్నల్ ఫ్యాలన్" అంది కెప్టెన్ హార్ట్, "మీ మీద ఒత్తిడి తెచ్చినదెవరో కోర్టుకు చెప్పండి."

"చెబుతాను. దానికి ముందు ఇంకొకటి చెప్పాలి. ఇది నేను మీకు కూడా చెప్పలేదు కెప్టెన్." ఆయన తెరలో ఆ నెరిసిన గడ్డం మనిషినే చూస్తున్నాడు. "హారూన్ ఒప్పుకోలు కాగితం నా బల్ల మీదికి వచ్చాకే, అది చిత్రహింస పెట్టి రాబట్టిందని నాకు తెలిసిందని పదకొండేళ్ళుగా చెబుతూ వచ్చాను. నా రాజీనామా ఉత్తరంలో అదే రాశాను. అది అబద్ధం. ఆ ఒప్పుకోలు రాబట్టిన గదిలో నేనున్నాను. నాలుగు రోజులున్నాను. అడగాల్సిన ప్రశ్నలు రాసిచ్చింది నేనే."

హారూన్ మొదటిసారి తల ఎత్తాడు.

దేవమణి పట్టుకున్న చెయ్యి తనంతట తానే వదులైంది. నలిగిన గిడియన్ మొహం, ఏడుస్తూ కాగితం రాసిన ఆ డాక్టరు, చేతులు జోడించిన మహీధర్, అందరూ ఒక్కసారిగా ఆ గదిలోకి వచ్చి నిలబడ్డట్టయింది. ఈ మనిషి కోసమా తను ఉద్యోగం పణంగా పెట్టింది? ఈ మనిషి కోసమా ఒక తండ్రిని బోనెక్కించింది?

తెరలో ప్రభుత్వ లాయరు లేచి నిలబడి ఏదో అరిచాడు. తెర మూల ఒక ఎర్ర దీపం వెలిగింది, 'రహస్య సమాచారం, ప్రసారం నిలిపివేశాం' అన్న అక్షరాలతో. గొంతులు తెగిపోయాయి. మరుక్షణం నాలుగు మూలలూ నల్లబడ్డాయి.

కల్నల్ అది గమనించలేదు. చూపు ఆ నల్లటి తెర మీదే నిలిపి, ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనన్నట్టు, తెగిపోతున్న ఊపిరితో చెప్పుకుపోతున్నాడు.

"ఆ గదిలో నేను ఒక్కణ్ణే కాదు. నాలుగో రోజు ఒకతను వచ్చాడు. యూనిఫాం లేదు. ఆపమని నేనంటే, కానివ్వమన్నది అతనే. ఆ తరవాత ఎన్నికల లోపు శిక్ష పడాలని నాకు ఫోన్ చేసిందీ అతనే. అతని పేరు..."

కల్నల్ ఆ పేరు చెప్పాడు.

ఆ పేరు దేవమణికి తెలుసు. ఆ పేరు తెలియనివాళ్ళు ఈ భూమ్మీద లేరు. నిన్న రాత్రి వార్తల్లో అతను ఈ దేశపు మంత్రులతో చేతులు కలుపుతూ, నవ్వుతూ కనిపించాడు.

"సర్" అంది దేవమణి. "వాళ్ళు ఆపేశారు. మీరు చెప్పింది ఎవరూ వినలేదు."

కల్నల్ మెల్లిగా ఆమె వైపు తిరిగాడు. పెదాల నీలం ముదిరింది.

"ఈ పేరు ఇంకెవరికి తెలుసు సర్?"

"ఇప్పటిదాకా నాకొక్కడికే" అన్నాడు. "ఇప్పుడు నీకు."